ఎం.ఎఫ్.ఏ. డిస్‌ప్లే అయిపోయింది, ఇప్పుడు ఈ బొమ్మల్ని ఎలా చూసుకోవాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. నాకు అర్థమైంది ఇది. మీది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. వలస మీ వైపు ముందునుంచీ ఉన్నదే. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక మీ వీధిలో ఒక్కో ఇంటికీ తాళం పడుతూ వచ్చింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లు ఎవరు కూర్చుంటారు? ఆ తాళం వేసిన ఇళ్లే మీ ఎం.ఎఫ్.ఏ. (లలితకళల పీజీ) థీసిస్, అంటే పట్టా కోసం వేసి డిస్‌ప్లేలో ప్రదర్శించిన బొమ్మలు. ఏడు పెద్ద ఆయిల్ కాన్వాసులు, నాలుగు చిన్న నీటిరంగుల బొమ్మలు. ఎక్స్‌టర్నల్‌గా బయటి కాలేజీ నుంచి మార్కులు వెయ్యడానికి వచ్చినాయన పెద్దవాటి ముందు రెండు నిమిషాలు నిలబడి, చిన్నవాటి దగ్గర చాలాసేపు ఆగి, వీటిలోనే ప్రాణముంది అని వెళ్లిపోయారు. మార్కులు బాగానే వచ్చాయి. కానీ రెండేళ్ల కష్టం పెట్టిన కాన్వాసులు ఇప్పుడు చూడబుద్ధి కావడం లేదు, వాటిమీదే మళ్లీ వేసేద్దామా అనిపిస్తోంది. హాస్టల్ పది రోజుల్లో ఖాళీ చెయ్యాలి. నాన్నగారేమో ఫోన్‌లో "ఇప్పుడేటమ్మా మరి" అంటున్నారు.

నేను 1999లో ఎం.ఎఫ్.ఏ. డిస్‌ప్లే పెట్టాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పెయింటింగ్ చెబుతున్నాను, కొన్నిచోట్లకు ఎక్స్‌టర్నల్‌గా కూడా వెళ్లాను. మీకు తగిలిన దెబ్బ నాకు రెండువైపుల నుంచీ తెలుసు.

డిస్‌ప్లే అయిన వారానికి వచ్చే ఖాళీ గురించి ముందు ఒక్క మాట. పెళ్లయిపోయిన ఇల్లు చూసే ఉంటారు. పందిరి విప్పేశాక వాకిట్లో గుంజలు పీకిన గుంటలు మిగులుతాయి, చుట్టాలందరూ వెళ్లిపోయాక ఇంటివాళ్లకు ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. అలాగే ఇది కూడా. రెండేళ్లు ఒక తేదీ కోసం బతికారు, ఆ తేదీ వెళ్లిపోయింది. మీ బొమ్మలు బాగా లేనందువల్ల ఆ ఖాళీ రాలేదు. మంచి మార్కులు వచ్చి, రెండు బొమ్మలు అమ్ముడైన విద్యార్థులు కూడా నా దగ్గర కూర్చుని ఏడ్చారు. ఆ వారంలో బొమ్మల మంచిచెడ్డల గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. పదిహేను ఇరవై రోజులు పోనివ్వండి.

హాస్టల్ గడువు మాత్రం ఆగదు కాబట్టి, ముందు బొమ్మల్ని క్షేమంగా ఊరు చేర్చడం గురించి చెబుతాను. ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి.

నా థీసిస్‌లో తొమ్మిది ఆయిల్ కాన్వాసులు, ఒక్కోటి అయిదడుగులు. డిస్‌ప్లే అవ్వగానే కాన్వాస్ బిగించిన కర్ర ఫ్రేముల నుంచి ఊడదీసి, రంగు లోపలివైపుకి ఉంటే దెబ్బ తగలదనుకుని, బిగించి సన్నగా చుట్టాను. పురికొస కట్టి, మే ఎండలో బస్సు పైన వేసి నిజామాబాద్ తీసుకెళ్లాను. అటక మీద పెట్టి మర్చిపోయాను. వానలు తగ్గాక తీసి విప్పితే నాలుగు కాన్వాసులు వాటికవే అతుక్కుపోయాయి. లాగితే రంగు పెచ్చులుగా ఊడి వచ్చింది. మిగిలిన అయిదింటిలో రెండింటికి అడ్డంగా వరస పగుళ్లు. పోయిన ఆ నాలుగింటికి సరైన ఫొటో కూడా నా దగ్గర లేదు.

ఎందుకలా జరిగిందో తర్వాత తెలిసింది. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపలి పొర నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. రంగు లోపలికి పెట్టి చుడితే ఆ పొర నలిగి ముడతలు పడుతుంది. రంగు బయటికి ఉంటే కొంచెం సాగుతుంది, విప్పినప్పుడు మళ్లీ సర్దుకుంటుంది. అందుకే చుట్టక తప్పకపోతే రంగు ఎప్పుడూ బయటివైపుకే ఉండాలి.

మీ ఏడింటిలో సున్నం గోడలు దట్టంగా తెల్లరంగుతో వేసినవి రెండున్నాయి, మూడోదీ అయిదోదీ. ఆ రెండూ అసలు చుట్టకండి. టైటానియం తెలుపు నెమ్మదిగా ఆరే రంగు. మీరు వాడిన బర్న్ట్ అంబర్ లాంటి ముదురు గోధుమరంగులు, వాటిలో ఉండే మాంగనీస్ వల్ల, తొందరగా ఆరిపోతాయి. ఒకే కాన్వాస్ మీద గుమ్మం ఆరిపోయి ఉంటుంది, గోడ పచ్చిగా ఉంటుంది. ఆ రెండింటినీ ఫ్రేముతోనే పంపండి. ఎదురెదురుగా పెట్టి, నాలుగు మూలలా అట్టముక్కలు దూర్చి రంగు రంగుకి తగలకుండా కట్టించండి. మీ బ్యాచ్‌లో ఉత్తరాంధ్ర వాళ్లు ఇంకెవరైనా ఉంటే కలిసి ఒక చిన్న గూడ్స్ బండి మాట్లాడుకోండి. అది కుదిరితే ఏడూ ఫ్రేములతోనే వెళ్లిపోతాయి, చుట్టే గొడవే ఉండదు.

చుట్టేవాటికి ప్లంబింగ్ సామాన్ల షాపులో దొరికే ఆరంగుళాల పీవీసీ పైపు తీసుకోండి, ఎనిమిదంగుళాలది దొరికితే ఇంకా మంచిది. ఎంత లావు పైపైతే అంత తక్కువ ఒత్తిడి. రంగు మీద కేకులకు వాడే బేకింగ్ పేపర్ పరిచి వదులుగా చుట్టండి. దాని మీద ఉతికిన పాత నూలు చీర, ఆ పైన ప్రయాణానికి మాత్రమే ప్లాస్టిక్. బబుల్ ర్యాప్ నేరుగా రంగుకి తగలనివ్వకండి. ఆ బుడగల అచ్చులు బొమ్మ మీద పడితే పోవు. ఇల్లు చేరిన మర్నాడే విప్పేయండి. ఫ్రేముల కర్రలకు ఏది ఏ బొమ్మదో పెన్సిల్‌తో అంకె వేసుకుంటే తిరిగి బిగించడం తేలిక.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి, వానాకాలం చెమ్మ రెండూ ఉంటాయి. బయటి గోడకు ఆనించి పెట్టకండి, లోపలి గోడకు కూడా అంగుళం ఖాళీ వదలండి. జాగ్రత్త అనుకుని ప్లాస్టిక్ కవర్‌లో మూసి ఉంచితే లోపలి తేమకి బూజు పడుతుంది. నూలు చీర కప్పితే చాలు. నెలకోసారి తీసి గదిలో వెలుతురు తగిలేలా పెట్టండి. చీకట్లో చాలాకాలం ఉన్న ఆయిల్ బొమ్మలు పసుపెక్కుతాయి, వెలుతురు తగిలితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. నేరుగా ఎండ మాత్రం వద్దు. వార్నిష్ ఇప్పుడే కొట్టమని ఎవరో చెప్పారన్నారు కదా, కొట్టకండి. పల్చటి బొమ్మలకు కనీసం ఆరు నెలలు, దట్టమైన వాటికి ఏడాది ఆగాలి. నీటిరంగుల బొమ్మల్ని ల్యామినేషన్ చేయించాలనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, ఆ పని చేశాక కాగితాన్ని మళ్లీ వెనక్కి తెచ్చుకోలేరు. పెద్ద ఫైల్‌లో చదునుగా, గోడకు తగలని అలమరలో పెట్టండి, చెదలు రాకుండా.

హాస్టల్ వదిలేలోపు ఇంకొక్క పని. ఫొటోలు మళ్లీ తీయండి. మీరు పంపినవి గ్యాలరీ లైట్లలో పసుపుగా వచ్చాయి, పైన లైటు మెరుపు పడింది. పొద్దున పూట ఎండ పడని వరండాలో బొమ్మని నిటారుగా నిలబెట్టి, కెమెరా బొమ్మ నడిమధ్యకు ఎదురుగా వచ్చేలా పెట్టి, దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి. ఫ్లాష్ వద్దు. ఒక ఫొటోలో బొమ్మ పక్కన తెల్లకాగితం ఉంచితే తర్వాత రంగులు సరిచేసుకోవచ్చు. బొమ్మ మొత్తం ఒకటి, దగ్గరగా రెండు, వెనకవైపు ఒకటి తీసుకోండి. పేరు, ఏడాది, మాధ్యమం, కొలత రాసుకోండి, కొలతలో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. ఇవే వివరాలు బొమ్మ వెనక ఫ్రేము కర్ర మీద పెన్సిల్‌తో రాయండి. కాన్వాస్ వెనక మార్కర్‌తో రాస్తే సిరా ముందుకి ఊరే ప్రమాదం ఉంది.

ఇంత శ్రమ విద్యార్థి బొమ్మలకు ఎందుకని అనిపించొచ్చు. వీలైతే ఊరు వెళ్లే దారిలో రాజమండ్రిలో దిగి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చిన రామారావు గారు 1925లో మశూచితో పోయారు. అప్పటికి ఆయనకు ముప్ఫై కూడా నిండలేదు. వందేళ్ల తర్వాత మనం ఆ బొమ్మల ముందు నిలబడగలుగుతున్నామంటే ఆయన భార్య, స్నేహితులు, శిష్యులు వాటిని దాచిపెట్టినందువల్లే. ఏ బొమ్మ రేపటికి ముఖ్యమవుతుందో వేసిన రోజు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన దానికి వస్తాను. థీసిస్ పూర్తి చేశాక వెనక్కి తిరిగి ఎలా చూసుకోవాలి, ఏం నేర్చుకున్నానని అనుకోవాలి, అని అడిగారు. నా అనుభవంలో ఒక్కటే పద్ధతి పనికొచ్చింది. ఏం రాశామో వదిలేసి, ఏం వేశామో చూడటం. మనం డిసర్టేషన్ (బొమ్మలతో పాటు ఇచ్చే వ్యాసం) రాసేటప్పుడు, వైవాలో పరీక్షకుల ముందు చెప్పేటప్పుడు, బొమ్మ గురించి ఒక కథ తయారు చేసుకుంటాం. అది అబద్ధం కాదు, కానీ బొమ్మ వేసే ముందు మనసులో ఉన్న కథ అది. కుంచె పట్టుకున్నాక చెయ్యి వేరే దారి పడుతుంది. థీసిస్‌లో మిగలాల్సింది ఆ రెండో దారి.

నా సంగతే చెబుతాను. మా అమ్మ బీడీలు చుట్టేది. మా వైపు ఇంటింటికీ అదే పని. ఒళ్లో చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు, పక్కన దారం ఉండ. నా తొమ్మిది కాన్వాసులూ ఆ ఆడవాళ్లే. డిసర్టేషన్ అరవై పేజీలు స్త్రీల శ్రమ గురించి రాశాను. కూలి రేట్లు, వెన్నునొప్పి, ఊపిరితిత్తుల జబ్బులు, అన్నీ నిజాలే, అన్నీ నేను చూసినవే. వైవాలో కూడా అదే చెప్పాను, ఎవరూ కాదనలేదు.

డిస్‌ప్లే మూడో రోజు అమ్మ వచ్చింది. గ్యాలరీ అంటే ఆమెకు అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, ఒక్కో బొమ్మ ముందు నిలబడుతూ, మొత్తం తిరిగి, మళ్లీ మొదటిదాని దగ్గరికి వెళ్లింది. "గిన్ని బొమ్మలేసినవ్. అన్నిట్ల ఎలుగు మన తలుపులకెళ్లే వస్తున్నది బిడ్డా" అంది.

నేను తిరిగి చూశాను. నిజమే. తొమ్మిదింటిలోనూ వెలుతురు ఎడమవైపు తలుపులోంచి వచ్చి ముందు చాట మీద, తర్వాత చేతుల మీద పడుతోంది. ముఖాలన్నీ సగం చీకట్లో ఉన్నాయి. మా ఇంటికి కిటికీ లేదు. అమ్మ పొద్దున గుమ్మం దగ్గర కూర్చునేది, ఎండ జరిగేకొద్దీ చాట పట్టుకుని తానూ జరిగేది. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి అమ్మ ఏ రాయి పక్కన కూర్చుందో చూస్తే టైం ఎంతయిందో తెలిసేది. నేను శ్రమ గురించి వేస్తున్నాననుకుంటూ రెండేళ్లు ఆ జరిగే వెలుతురును వేశాను. అరవై పేజీల్లో వెలుతురు అనే మాట ఒక్కసారి కూడా లేదు. గైడ్‌కి కనిపించలేదు, ఎక్స్‌టర్నల్‌కి కనిపించలేదు, నాకూ కనిపించలేదు. ఆ గుమ్మంలో కూర్చున్న మనిషికి కనిపించింది. ఆ తర్వాత పదేళ్లు నేను వేసిన బొమ్మలన్నీ ఆ ఒక్క మాటలోంచి వచ్చాయి.

కాబట్టి ఊరు చేరాక, ఆ పదిహేను ఇరవై రోజులూ గడిచాక, పదకొండు బొమ్మల్నీ ఒక్క గదిలో పెట్టండి. మీ డిసర్టేషన్ వేరే గదిలో ఉంచండి. ఒక నోటుబుక్ తీసుకుని కంటికి కనిపించేవి మాత్రం రాయండి. వెలుతురు ఎటునుంచి వస్తోంది, నేల ఎంత భాగం ఆక్రమించింది, తలుపు మూసి ఉందా, ఓరగా ఉందా, ఏ రంగు ఎక్కడ పదేపదే వచ్చింది, దేన్ని వెయ్యడానికి ఎక్కువ సమయం పట్టింది, దేన్ని ఎగ్గొట్టారు. "ఎందుకు" అనే ప్రశ్న ఆ రోజుకి వద్దు. ఆ తర్వాత మీ ఇంట్లోవాళ్లని, ఆ వీధివాళ్లని పిలిచి చూపించండి. వాళ్లు కళ గురించి మాట్లాడరు, ఇంటి గురించి మాట్లాడతారు. ఆ మాటలు కూడా రాసుకోండి.

ఎక్స్‌టర్నల్ మాట గురించి. ఒక్కో విద్యార్థికి మాకు దొరికేది పది పదిహేను నిమిషాలు. మధ్యాహ్నానికి కళ్లు అలిసిపోతాయి. అంత తొందరలో అన్న మాటను తీర్పుగా తీసుకోకండి, అలాగని కొట్టిపారేయకండి కూడా. ముందు బొమ్మలు వేలాడదీసిన తీరు చూడండి. మీ ఫొటోలో ఏడు పెద్దవీ ఒకే గోడ మీద, మధ్యలో ఊపిరి తీసుకునే చోటు లేకుండా ఉన్నాయి. బొమ్మ మధ్యభాగం నేలనుంచి అయిదడుగులకు కాస్త తక్కువలో ఉంటే నిలబడ్డ మనిషి కంటికి సరిగ్గా అందుతుంది. మీవి అంతకన్నా బాగా పైకి ఉన్నాయి, పైభాగంలో లైటు మెరుపు కూడా పడింది. చిన్నవి నాలుగూ గుమ్మం పక్కన, అభిప్రాయాల పుస్తకం పెట్టిన బల్ల దగ్గర, కంటికి ఎదురుగా ఉన్నాయి. ఎవరైనా అక్కడే ఆగుతారు. కాబట్టి ఆయన ఆగడంలో కొంత పాత్ర గోడది. నేనే ఆ గోడ సర్దితే నాలుగు పెద్దవే పెట్టేదాన్ని, రెండేసి పెద్దవాటి మధ్య ఒక చిన్నది ఉంచేదాన్ని. వేసినవన్నీ పెట్టాలనే తాపత్రయం అందరు విద్యార్థులకూ ఉంటుంది, నాకూ ఉండేది. తీసేసిన మూడు బొమ్మల గురించి ఎవరూ అడగరు, మిగిలిన నాలుగూ బాగా కనబడతాయి.

అయినా ఆయన చెప్పినదాంట్లో నిజం ఉందనే నాకూ అనిపిస్తోంది. దానికి కారణం సైజు కాదు. లక్ష్మాగౌడ్ గారి పేరు మీరు వినే ఉంటారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర కుడ్యచిత్రాలు, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. గోడలంత బొమ్మలు వెయ్యడం నేర్చుకున్న మనిషి దేశమంతటా పేరు తెచ్చుకున్నది ఎచింగ్‌లతో, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మలతో. వాటిలో చాలావరకు రెండు చేతుల మధ్య పట్టేవే. ఆ చిన్న కాగితాల్లో ఊరు ఊరంతా ఉంటుంది. పెద్ద కాన్వాస్ వేస్తేనే సీరియస్ పని అనే నమ్మకం మన కాలేజీల్లో గట్టిగా ఉంది. దాన్ని మీరు మొయ్యాల్సిన పని లేదు.

మీ పెద్దవాటిలో నాకు కనిపించిన ఇబ్బంది వేరే. వాటిని ఫోన్ ఫొటోలు చూసి వేశానని మీరే రాశారు. అది బొమ్మల్లో తెలిసిపోతోంది. అరుగు స్తంభాలన్నీ పైకి పోయేకొద్దీ లోపలికి ఒరిగాయి. ఇంటికి దగ్గరగా నిలబడి ఫోన్ పైకి ఎత్తి తీస్తే అలా వస్తుంది. మన కన్ను అలా చూడదు. వరండా నీడ మొత్తం ఒకే ముద్దగా నల్లగా ఉంది. ఎదురుగా ఎండ ఉంటే కెమెరా నీడను నలుపు చేసేస్తుంది. మనిషి అక్కడ రెండు నిమిషాలు నిలబడితే ఆ నీడలో దండెం, మూలన చేట, గోడకు పాత క్యాలెండరు, అన్నీ మెల్లగా కనబడతాయి. చిన్న బొమ్మల్లో మీ నీడలు అలాగే ఉన్నాయి, నీలం, ఊదా, గోధుమరంగు కలిసి, లోపల ఏదో ఉన్నట్టు. వాటిని సంక్రాంతి సెలవుల్లో వీధిలో పీట వేసుకుని కూర్చుని వేశానన్నారు. తేడా అక్కడుంది. ఆయన ప్రాణం అన్నది దీన్నే అయి ఉంటుంది.

అందుకని పెద్దవాటి మీద మళ్లీ వెయ్యొద్దు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. స్తంభాలు నిటారు చేసినంత మాత్రాన ఆ నీడలు రావు, ఉన్న బొమ్మ కూడా పోతుంది. ఆరు నెలలు కుంచె తాకించకండి. వాటిలో ఏం తప్పయిందో గుర్తు చెయ్యడానికి అవి అలాగే ఉండాలి. కొత్తది వెయ్యాలనిపిస్తే కొత్త కాన్వాస్ మీద, ఆ ఇంటి ఎదుట కూర్చుని వెయ్యండి. పెద్దది వీధిలో కుదరకపోతే అక్కడ రంగుల్లో స్కెచ్‌లు వేసుకుని, ఫోన్ చూడకుండా వాటినుంచే ఇంట్లో వెయ్యండి.

నాన్నగారి ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఆయన అడగడంలో తప్పు లేదు, దాన్ని దెప్పిపొడుపుగా తీసుకోకండి. యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్ సబ్జెక్ట్ ఉంది, కాలేజీలో చెప్పాలనుకుంటే రాయండి. స్కూళ్లలో డ్రాయింగ్ టీచర్ పని గౌరవమైన పని, బొమ్మలు వెయ్యడానికి వేళ కూడా దొరుకుతుంది. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకు, యువ కళాకారుల స్కాలర్‌షిప్‌లకు నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి, పంపడానికి పైన చెప్పిన ఫొటోలే కావాలి. ఏది చేసినా మొదటి ఏడాది నెలకు నాలుగు చిన్న బొమ్మలకు తక్కువ కాకుండా చూసుకోండి. చిత్రకారుడు తోట వైకుంఠం గారు బరోడాలో చదివింది 1970ల మొదట్లో. ఇవాళ ఆయన పేరు చెప్పగానే కళ్లముందుకొచ్చే పెద్ద బొట్టు తెలంగాణ ఆడవాళ్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గాని రాలేదు. నాన్నగారితో మాత్రం నిజమే చెప్పండి, ఎంత టైం కావాలో, ఆ టైంలో ఇంటికి ఎంత సాయం చెయ్యగలరో. ఆయన్ని కూర్చోబెట్టి ఒకసారి బొమ్మలు కూడా చూపించండి.

చివరగా, మీ ఫొటోల్లో నాకు కనిపించి, మీ ప్రశ్నలో ఎక్కడా లేని సంగతి ఒకటుంది. మీ డిసర్టేషన్ పేరులో "శూన్యం" అనే మాట ఉంది. పెద్ద కాన్వాసుల్లో ఇళ్ల ముందు నేల బీటలు వారి ఉంది, తులసికోటలో ఎండిన పుల్లలున్నాయి. చిన్న బొమ్మలకు రండి. నాలుగింటిలోనూ తలుపుకి తాళం ఉంది. కానీ మూడింటిలో గుమ్మం ముందు నేల తడిగా, ముదురు రంగులో ఉంది, దానిమీద తెల్లగా ముగ్గు ఉంది. నాలుగోదాంట్లో తులసి పచ్చగా ఉంది, గడపకు పసుపు ఉంది. మనుషులు లేని ఇంటి ముందు ఎవరో కళ్లాపి చల్లారు, ఎవరో రోజూ తులసికి నీళ్లు పోస్తున్నారు. మీరు వీధిలో కూర్చుని ఉన్నప్పుడు మీ చెయ్యి దాన్ని వదలకుండా వేసింది. కాలేజీకి తిరిగి వచ్చి పెద్ద కాన్వాస్ మొదలుపెట్టాక, థీసిస్‌కి శూన్యం కావాలి కాబట్టి, అది పోయింది. మీ ఫోన్లో ఆ ఫొటోలు ఇంకా ఉంటే తెరిచి చూడండి, తులసి నిజంగా ఎండిపోయి ఉందా అని.

ఊరు వెళ్లాక ఆ ముగ్గు ఎవరు వేస్తున్నారో కనుక్కోండి. పక్కింటావిడా, తాళంచెవి దాచిపెట్టిన ముసలమ్మా, ఎవరో ఒకరు ఉండే ఉంటారు. పొద్దున్నే, ఆవిడ చీపురు పట్టుకుని వచ్చే వేళకి, పీట వేసుకుని ఎదురుగా కూర్చోండి.